గంటా పది నిమిషాల ప్రయాణం, ఏడు గంటలు

బెంగళూరు (దేవనహళ్లి), కర్నూలు (ఓర్వకల్లు) విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 280 కిలోమీటర్లు. మన తాతల లెక్కలో ఇరవై రెండు ఆమడలు. ప్రయాణ సమయం గంటా పది నిమిషాలు. ఈ అంకెలతో నాకు ఎలాంటి పేచీ లేదు. నా సందేహమల్లా ఒక్కటే: దేవనహళ్లి రన్‌వే మీద కాపురం ఉండేదెవరు?

మారతహళ్లిలో ఉండే మా కర్నూలు వాళ్లు విమానం ఎక్కాలంటే ముందు హెబ్బాళ దాటాలి. దాటితే 44వ నంబరు జాతీయ రహదారి. అదే రోడ్డు ఎయిర్‌పోర్టు మలుపు దాటి చిక్కబళ్లాపురం, పెనుకొండ, అనంతపురం, గుత్తి మీదుగా సాక్షాత్తూ కర్నూలుకే పోతుంది. అంటే సగం నిద్రలో ఉన్న బస్సు ప్రయాణికుడూ, టిప్‌టాప్‌గా తయారైన విమాన ప్రయాణికుడూ ఆ మలుపు దాకా పక్కపక్కనే వస్తారు. అక్కడ మొదటివాడు నేరుగా ఊరికి పోతాడు. రెండోవాడు త్వరగా చేరాలి కాబట్టి పక్కకు తిరిగి రెండు గంటలు కూర్చుంటాడు.

ఇక్కడ విమానాల వాళ్ల గడియారం గురించి చెప్పాలి. చక్రాల దగ్గర పెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలినప్పుడు అది మొదలవుతుంది, దిగిన చోట ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టగానే ఆగిపోతుంది. బ్లాక్ టైమ్ అంటారు. ఎంత గొప్ప పద్ధతి! నేనూ ఇంట్లో అమలు చేశాను. ఆఫీసు నుంచి ఇంటికి పద్దెనిమిది నిమిషాలే పట్టిందని, కారు చక్రాలు తిరిగిన సమయం మాత్రమే కూడి మా ఆవిడకు చెప్పాను. రాత్రి తొమ్మిదిన్నరకు.

పోయినసారి ఊరికి మా బావమరిదీ నేనూ ఒకే రోజు పొద్దున అయిదింటికి బయల్దేరాం. వాడు బస్సులో, నేను హోదాలో. ఎనిమిదీ నలభై విమానం గంట ఆలస్యమన్నారు. ఎందుకని అడిగితే "ఆపరేషనల్ రీజన్స్" అన్నారు. కాఫీ తాగుతుంటే ఫోన్.

"బావా, యాడున్నావు?"

"ఎయిర్‌పోర్టులో."

"కర్నూలు ఎయిర్‌పోర్టులోనా?"

నేను జవాబివ్వలేదు. వాడు అప్పటికే పెనుకొండ దాటాడు.

విమానం మాత్రం మాట తప్పలేదు. సరిగ్గా గంటా పది నిమిషాల్లో దించింది. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన 1846లో కుంపిణీ మీద తిరగబడినప్పుడు గుర్రం ఎక్కడానికి రెండు గంటల ముందు రిపోర్టు చేయాల్సిన అవసరం రాలేదు. నాకేమో దిగాక కూడా బ్యాగు కోసం నిలబడి, ఆటో బేరమాడి, ఇంకో ఇరవై కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. ఈ ఇరవైని ఏ విమాన పట్టికలోనూ చూపరు. చక్రాలకు దిమ్మెలు పెట్టేశారు కదా, ప్రయాణం అయిపోయినట్టే.

పన్నెండింటికి ఇల్లు చేరాను. బావమరిది కాళ్లు కడుక్కుని, లుంగీ కట్టుకుని, ఉగ్గాని తింటున్నాడు.

"ఫ్లైట్‌లో వచ్చినాడు కదమ్మా, బావకు ఆకలి ఉండదు," అన్నాడు అత్తతో, చివరి మిరపకాయ బజ్జీ అందుకుంటూ.