ఏఐ ఉంటే డాక్టరెందుకు అంటున్న ఫార్వర్డ్‌కు జవాబు

"ఏఐ ఒక్కదానికే వదిలేస్తే 90 శాతం మార్కులు, డాక్టరు చేతిలో పెడితే 76. అంటే అడ్డం డాక్టరే. నేరుగా ఫోన్‌నే అడగండి." వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది. అంకెలు కల్పించినవి కావు. వాటికి చెబుతున్న అర్థమే ప్రాణాల మీదకు తెచ్చేలా ఉంది.

ముందు ఆ 90 సంగతి. 2024 అక్టోబరులో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం అది. పాల్గొన్నది 50 మంది డాక్టర్లు. వాళ్ల ముందు రోగులెవరూ లేరు, రోగమేంటో తేల్చమని ఇచ్చిన, రాసిపెట్టిన కేసులు మాత్రమే ఉన్నాయి. లక్షణాలు, పరీక్షలో కనిపించినవి, ల్యాబ్ రిపోర్టులు అన్నీ వేరే డాక్టర్లు ఏరి, పేర్చి ఇచ్చారు. వైద్యంలో సగం కష్టం అక్కడే కదా! గ్యాస్ అంటూ వచ్చిన మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగి, అనుమానం వచ్చి ఈసీజీ తీయించేది ఎవరు? డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడొచ్చని ఈ ఫలితానికి అర్థం తీయొద్దని పరిశోధకులే రాశారు. ఫార్వర్డ్‌లో ఆ మాట ఎగిరిపోయింది.

ఇక డాక్టరు అడ్డమట. ఏఐ లేకుండా చూసిన డాక్టర్లకు 74 శాతం వచ్చింది, ఏఐతో చూసినవాళ్లకు 76. కానీ ఏఐని విడిగా పరీక్షించినప్పుడు ప్రశ్నను పరిశోధకులే జాగ్రత్తగా తయారుచేశారు. డాక్టర్లకు దాన్ని ఎలా అడగాలో నేర్పలేదు. ఊరికే చేతికిస్తే లాభం ఉండదని తేలింది, అంతే.

సరిగ్గా ఇస్తే ఏమవుతుందో కెన్యా రాజధాని నైరోబీలో పెండా హెల్త్ క్లినిక్‌లు చూపించాయి. 15 క్లినిక్‌లు, దాదాపు 40 వేల విజిట్లు. 2025లో ఫలితాలు బయటికొచ్చాయి. వైద్య సిబ్బంది కంప్యూటర్‌లో కేసు రాస్తుంటే వెనకాల ఏఐ చదువుతుంది. అంతా బాగుంటే ఆకుపచ్చ, ఓసారి చూసుకోమంటే పసుపు, ప్రమాదం అనిపిస్తే ఎరుపు. ఎరుపు వస్తే అది చదివాకే ముందుకెళ్లాలి. మందు రాసేది, నిర్ణయం తీసుకునేది మాత్రం మనిషే. రోగ నిర్ధారణ తప్పులు 16 శాతం, చికిత్స తప్పులు 13 శాతం తగ్గాయి. మొదట్లో ఎరుపు హెచ్చరికల్ని చాలామంది పట్టించుకోలేదు. తోటివాళ్లు పక్కన కూర్చుని నేర్పాకే మార్పు వచ్చింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. అయితే రోగులు కోలుకోవడంలో స్పష్టమైన తేడా తేలలేదు. అది కూడా చెప్పాలి.

చివరిది, ఫోన్‌నే అడగమన్న సలహా. అమెరికాలో 60 ఏళ్ల మనిషి ఉప్పు మానేద్దామని చాట్‌జీపీటీని అడిగి, ఉప్పు బదులు మూడు నెలలు సోడియం బ్రోమైడ్ అనే రసాయనం వాడాడు. విషమెక్కి, లేనివి కనబడి, మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. తర్వాత డాక్టర్లు అదే విషయం పాత చాట్‌జీపీటీని అడిగి చూశారు. బ్రోమైడ్ పేరు చెప్పింది గానీ, ఎందుకు అడుగుతున్నారని అడగలేదు.