మహారాజశ్రీ రీడ్‌మీ గారికి

మహారాజశ్రీ రీడ్‌మీ డాట్ టీఎక్స్‌టీ గారికి బెజవాడ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ ఏదీ క్షేమం కాదు. మా కంప్యూటర్లోకి దూరి ఫైళ్లన్నిటికీ తాళం వేసిన స్టాప్ అనే వైరస్, డబ్బులడుగుతూ వదిలిన చీటీ కదా తమరు. తమరు మాత్రం లక్షణంగా ఉన్నారు, చూస్తూనే ఉన్నాను. పెళ్లి ఫొటోల ఫోల్డర్లో తమరే, ఇంటి పన్ను రసీదుల్లో తమరే, మా పాప సైన్స్ ప్రాజెక్టులోనూ తమరే. పక్కనున్న ఫైళ్లన్నిటికీ తోక తగిలించి, అదేదో నాలుగక్షరాల తోక, మధ్యలో దర్జాగా కూర్చున్నారు.

ఇప్పుడే ఎమ్‌సిసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్ల డీక్రిప్టర్, అంటే అలాంటి తాళాలు తీసే ప్రోగ్రామ్, ముందు నుంచి లేచి వస్తున్నాను. మధ్యాహ్నమంతా అది ఒక్కో ఫైలు పేరే చదువుతూ ఒకటే పాట పాడింది: ఇది ఆన్‌లైన్ ఐడీ, తెరవడం అసాధ్యం. పొయ్యి మీద పప్పు మాడింది. దానికి మిమ్మల్ని అనను.

మీ మర్యాదకి మాత్రం జోహార్లు. "కంగారు పడకండి, మీ ఫైళ్లన్నీ వెనక్కి వస్తాయి" అని మొదలుపెట్టారు. ధర 980 డాలర్లట, 72 గంటల్లోపు మాట్లాడుకుంటే సగానికి సగం, 490. ఆషాఢం సేల్‌లా ఉంది బేరం, చీరలూ మావే డబ్బులూ మావే అన్న తేడా తప్ప. నమ్మకం కోసం ఒక ఫైలు ఉచితంగా తెరిచి పంపుతారట, కాకపోతే అందులో విలువైనదేమీ ఉండకూడదట. ఉన్నదాంట్లో విలువ లేనిది వెతికి మీకు పంపాలా? ఇక ఆరు గంటల్లో జవాబు రాకపోతే స్పామ్ ఫోల్డర్ చూసుకోమని కూడా రాశారు చూడండి, ఆ శ్రద్ధకి కళ్లు చెమర్చాయి. మా నెట్ వాళ్లకి ఫోన్ చేస్తే ఆరు రోజులకి కూడా ఆ మాత్రం భరోసా దొరకదు.

అసలు సంగతి ఆ నెట్ దగ్గరే ఉంది. మిగతావన్నీ మర్చిపోతానేమో గానీ ఇది మాత్రం మర్చిపోలేను.

మీ పద్ధతి ఇప్పుడు నాకు బాగా వంటబట్టింది. ఇంట్లో దూరగానే మీ వైరస్ ముందు తన సర్వర్‌కి కబురు పెడుతుంది. అక్కడ జవాబొస్తే నా కంప్యూటర్ కోసమే ప్రత్యేకంగా ఒక తాళంచెవి తయారవుతుంది, అది మీ దగ్గరే ఉండిపోతుంది. ఆన్‌లైన్ ఐడీ అంటే ఇదే. జవాబు రాకపోతే, అంటే నెట్ లేకపోతే, తనతో తెచ్చుకున్న ఉమ్మడి తాళం వేస్తుంది. అప్పుడు చీటీలో రాసే ఐడీ చివర టీ1 అని ఉంటుంది. ఆ తాళం వేయించుకున్నవాళ్లలో ఎవరికైనా చెవి దొరికి, అది బయటికొస్తే చాలు, ఆ రకం బాధితులందరివీ తెరుచుకుంటాయి. 2019 అక్టోబరులో వచ్చిన ఆ డీక్రిప్టర్ మీ వంశంలో 148 రకాలకు పనికొస్తుందన్నారు. అప్పటికే మీరు తెలివిమీరి కొత్త రకాలు దించారు, వాటికి ఈ టీ1 ఒక్కటే దిక్కు.

నా ఐడీ చివర టీ1 లేదు.

ఎందుకు లేదంటే ఆ సాయంత్రం మా ఇంట్లో నెట్ ఉంది. మా వీధి నెట్ సంగతి మీకేం తెలుసు! గాలి వీస్తే పోతుంది, చినుకు పడితే పోతుంది, ఎదురింటివాళ్లు కుళాయి కోసం గొయ్యి తవ్వితే పోతుంది, ఏ కారణమూ లేకపోతే ఆదివారం కదా అని పోతుంది. పాపకి ఆన్‌లైన్ పరీక్ష ఉన్నరోజు నెట్ డబ్బా మీద సిగ్నల్ లేదని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది. "రేపు మనిషి వస్తాడమ్మా" అన్నారు. ఆ మనిషిని ఇంతవరకూ మేం చూడలేదు. అలాంటి నెట్, నువ్వొచ్చిన పూట, పచ్చలైట్లన్నీ వేసుకుని, ఒక్క క్షణం కూడా తెగకుండా నీ సర్వర్‌కి బంగారంలా కబురు మోసింది. ఒక్క అరగంట చావొచ్చుగా! ఏడాది పొడుగునా చస్తూనే ఉంటావు కదా! కరెంటు కూడా పోలేదు. నాలుగింటికి పోవాల్సిన కరెంటు.

నిన్ను తెచ్చినవాడు మా అన్నయ్య కొడుకు. పెళ్లి వీడియో ఎడిటింగ్‌కి డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుందని దించాడు. యాంటీవైరస్ ఆపితేనే పనిచేస్తుందని అందులోనే రాసి ఉందట. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు నువ్వో దొంగ బొమ్మ వేస్తే, "అప్‌డేట్ అవుతోంది, ఆఫ్ చేయకండి" అని మా అత్తగారిని కుర్చీలో కాపలా పెట్టి వెళ్లాడు. ఆవిడ ఎవర్నీ మౌస్ ముట్టుకోనివ్వలేదు. నీకు అంత భద్రత మా ఇంట్లోనే దొరికింది.

షాడో కాపీలు, అంటే విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులు, ముందే చెరిపేశావు. సాయం దొరికే సైట్లు తెరుచుకోకుండా హోస్ట్స్ ఫైల్లో గెలికావు. వెళ్తూ వెళ్తూ పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే ఇంకో దొంగని కూడా వదిలావేమోనని బ్యాంకు నుంచి గ్యాస్ బుకింగ్ దాకా అన్నీ మార్చుకున్నాను. రిపేరు షాపబ్బాయి చూడకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం మేడం" అన్నాడు, అతనికి ప్రపంచంలో అన్ని రోగాలకీ అదే మందు. ఇక "మేం తెరిచిపెడతాం, అడ్వాన్స్ పంపండి" అని ఊడిపడే మహానుభావులు వేరే.

నీ బద్ధకం ఒక్కటే నాకు కలిసొచ్చింది. పెద్ద ఫైలైనా సరే మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేసి పక్కదానికి వెళ్లిపోతావు. చిన్న ఎక్సెల్ షీట్లు, లెక్కలు మొత్తం నీ పాలయ్యాయి గానీ మా అమ్మమ్మ పాటలున్నాయి, పాత క్యాసెట్ నుంచి ఎంపీత్రీలు చేయించినవి. తోక కత్తిరించి మీడియా ప్లేయర్లో వేస్తే హారతి పాట వచ్చింది! ముందు పది సెకన్లు లేవంతే. ఆ పది సెకన్లలో ఆవిడ "ఫ్యానాపండ్రా, నా గొంతు వినపడొద్దూ" అని అందర్నీ కసిరేది. పాట వేరేవాళ్ల నోట కూడా వినొచ్చు. ఆ కసురు ఎవరిస్తారురా నాకు?

మీ మూలపురుషుడు జోసెఫ్ పాప్ 1989లో ఇలాంటి వైరస్‌నే ఫ్లాపీల్లో పెట్టి పోస్టులో పంపి, 189 డాలర్లు పనామా పోస్టు బాక్సుకి పంపమన్నాడు. కనీసం ఆయన స్టాంపులు కొన్నాడు. పైగా ఆయన వేసిన తాళం తొందరగానే ఊడింది. నీకు ఆ ఖర్చూ లేదు, మా నెట్ బిల్లు మేమే కడుతున్నాం.

980 కాదు, 490 కాదు, నూటపదహార్లు కూడా చదివించను. ఇస్తే చెవి ఇస్తావన్న హామీ ఏముంది? తాళం పడ్డ ఫైళ్లన్నీ వేరే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, నీ చీటీతో సహా, బీరువాలో పెట్టాను. విండోస్ కొత్తగా వేయించాను. అవును, ఫార్మాట్ కొట్టించాను, షాపబ్బాయి గెలిచాడు.

2016 మేలో టెస్లాక్రిప్ట్ అనే నీలాంటి వైరస్ వాళ్లు దుకాణం కట్టేస్తూ, ఒకాయన అడిగితే, అందరికీ పనికొచ్చే మాస్టర్ కీ ఇచ్చేసి సారీ కూడా చెప్పారు. దొంగలే, అయినా ఇచ్చారు. నేనూ అడుగుతున్నాను. సారీ నీ దగ్గరే ఉంచుకో, కీ పంపు.