సవరణ: 'చల్లని రాజా ఓ చందమామ' మిస్సమ్మ పాట కాదు

విజయవాడ పాటల బృందం సాధన కోసం మొన్న పెట్టిన 'చందమామ' పాటల జాబితాలో 'చల్లని రాజా ఓ చందమామ' పక్కన 'మిస్సమ్మ' అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఆ పాట 1956లో వచ్చిన 'ఇలవేలుపు'లోది. సంగీతం సుసర్ల దక్షిణామూర్తి. రఘునాథ్ పాణిగ్రాహి, సుశీల గొంతులు వినిపిస్తాయి. పాత పాటల పుస్తకంతోనూ రికార్డు మీది వివరాలతోనూ సరిచూశాను.

తికమక ఎక్కడొచ్చిందంటే, 1955 నాటి మిస్సమ్మలో పింగళి నాగేంద్రరావు చంద్రుణ్ణి రెండు పాటల్లో పిలిచారు. ఒకటి అందరి నోటా ఉండే 'రావోయి చందమామ', ఎ.ఎం.రాజా, లీల పాడిన యుగళగీతం. రెండోది లీల ఒక్కరే పాడింది, దాని పల్లవిలో 'ఓ చల్లని రాజా వెన్నెల రాజా' అని వస్తుంది. 'చల్లని రాజా' రెండు సినిమాల్లోనూ ఉంది కానీ లీల పాట పల్లవిలో 'వెన్నెల రాజా', ఇలవేలుపు పాటలో 'ఓ చందమామ'. ఆ తర్వాతి మాటే గుర్తు పెట్టుకోండి.

సాధనకు ట్రాక్ వెతికేవాళ్లకు ఇది ముఖ్యం. 'మిస్సమ్మ, చల్లని రాజా' అని వెతికితే లీల పాట వచ్చేస్తుంది. వరుస వేరు, మగ గొంతుకు చోటే లేదు. సినిమా పేరు 'ఇలవేలుపు' అని కొట్టండి.

ఇంకొకటి. జాబితాలో మొదటి పంక్తిలోనే 'చందమామ' ఉన్న పాటలే తీసుకున్నాం, చరణంలో ఎక్కడో వచ్చేవి కావు. 'మామా చందమామా' (సంబరాల రాంబాబు, 1970) ఆ లెక్కలోనే ఉంది, దాని వివరాల్లో మార్పు లేదు.