బ్లీచింగ్ పౌడరా, అల్ట్రాసౌండా? మామా అల్లుళ్ల లొల్లి

(నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఒక ఊరు. మామ పంచాయతీ ట్యాంకు నీళ్లు ఇడిసేటాయన, అల్లుడు ఇంజనీరింగ్ పిలగాడు.)

అల్లుడు: ఇంకెన్ని రోజులు మామా ఈ బ్లీచింగ్ వాసన? అల్ట్రాసౌండ్‌తోని క్రిములను సంపొచ్చు. 20 కిలోహెర్ట్జ్ పైన సప్పుడు, మనకు వినపడదు, నీళ్లల్ల సన్న బుడగలు పుట్టి పగుల్తయ్, ఆ పగిలిన కాడ వేల డిగ్రీల వేడి, దెబ్బకు బ్యాక్టీరియా పైపొర చినిగిపోతది.

మామ: వేల డిగ్రీలైతే నీళ్లు ఉడకయారా?

అల్లుడు: కంటికి ఆననంత జాగల, రెప్పపాటు కూడా ఉండదు. చానసేపు నడిపిస్తే మాత్రం వేడెక్కుతయ్. బంగారం షాపుల నగలు కడిగే డబ్బా లేదా, గదే పని.

మామ: గది గిన్నెడు నీళ్లకు. నాది ఊరి ట్యాంకు, కరెంటు బిల్లు ఎవడు కడతడు? అది కూడా ఇడిసిపెట్టు, నీ మిషిన్ బంద్ జేసినంక నీళ్లల్ల ఏం మిగుల్తది? మన పైపు మోరీ పక్కపొంటే పోతది, యాడన్న పగిల్తే మురికి గుంజుకుంటది, బ్లీచింగ్‌ల ఉండే క్లోరిన్ నీళ్లల్ల ఉంటే ఆఖరి నల్లా దాకా కాపలా. పొద్దుగాల చివరింటి నల్లా నీళ్లు ట్యూబుల పట్టి మందు సుక్కలేస్త, పసుపు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, అప్పుడే నాకు నిమ్మలం. లీటరుకు క్లోరిన్ 0.2 మిల్లీగ్రాములన్న ఉండాలె.

అల్లుడు: నువ్వు బస్తా మూతి తెరిచి పెడ్తవ్, తేమ తగిలి పౌడర్ పవర్ పోతది, అదెవరు చూస్తున్రు? అసలు క్లోరిన్ తీసేయమని ఎవడన్నడు? వానకాలం మడ్డి నీళ్లల్ల క్రిములు మట్టి ఉండల సందుల దాక్కుంటయ్, క్లోరిన్ అందదు. అల్ట్రాసౌండ్ ఆ ఉండలను ఇడగొడ్తది, అప్పుడు క్లోరిన్ తక్కువైనా సరిపోతది.

మామ: ఇందాక వాసనే వద్దంటివి, అప్పుడే మాట మార్చినవ్! మరి మన నీళ్లల్ల ఎముకలు వంకర చేసే ఫ్లోరైడో? 1970లల్లనే నాగపూర్ల ఉన్న ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టిన్రు, బకెట్ల కూడా చేసుకోవచ్చు.

అల్లుడు: ఫ్లోరైడ్ క్రిమి గాదు మామా, సంపనీకి! అది అల్ట్రాసౌండ్‌కు పోదు, ఒప్పుకుంట.

మామ: అయితే నీ మిషిన్ నీళ్లు శుద్ధి చేసే పెద్ద ప్లాంటుల పెట్టుకోండ్రి.

అల్లుడు: అక్కడ ఫిల్టర్లుంటయ్, మడ్డి ముందే పోతది. బాయి నీళ్లు తాగే కాడ పనికొస్తది.

మామ: సప్పుడు పుట్టియ్యనీకి నీ మిషిన్‌ల నీళ్లల్ల ఆడే లోహపు కొన అరగదా?

అల్లుడు: బుడగల దెబ్బకు అదీ అరుగుతది, మార్చుకోవాలె.

మామ: మర్రిగూడల ఏ షాపుల దొరుకుతదో ముందు గది చెప్పు, తర్వాత బస్తా మూతి సంగతి మాట్లాడుదం.