పులిగారి హాజరు పట్టీ

జాతీయ ఉద్యానవనాల మీదుగా కారులో తిరిగొద్దామని సంక్రాంతి సెలవుల్లో మా బావ తీర్మానించాడు. తీరా చూస్తే మా నెల్లూరు జిల్లాలో ఆ బోర్డున్న అడవి ఒక్కటీ లేదు, పక్కనున్న ప్రకాశంలోనూ లేదు. కడప జిల్లా వాళ్లకి 2.4 చదరపు కిలోమీటర్లదైనా ఒకటుంది. వాళ్లని దాటుకుని పెన్నా మా ఊరికి వస్తుంది, ఉద్యానవనం మాత్రం రాలేదు. ఈ అన్యాయం మీద బావ టీ చల్లారేదాకా మాట్లాడి, చివరికి అభయారణ్యాలతో సర్దుకున్నాడు. ఏడుగురం, ఒక ఇన్నోవా, రెండు క్యారేజీల పులిహోర. నేను చూసిన పాలనాలోపాలు ప్రజల దృష్టికి తేవడం నా బాధ్యత.

ముందు నేలపట్టు. 1976 నుంచి పక్షులకు రక్షిత కేంద్రం, దాదాపు 459 హెక్టార్లు. ఇంత సర్వీసున్నా గూడబాతులకు (పెలికాన్లకు) మర్యాద తెలియదు. నీళ్లలో నిలబడ్డ కడప అనే జాతి చెట్ల మీద గూళ్లు పెట్టుకుని, వచ్చినవాళ్లకి వీపు చూపిస్తాయి. టవరెక్కి అత్తకి బైనాక్యులర్స్ ఇచ్చాం. ఒక పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చింది. తలతో ఆగక మెడ కూడా లోపలికి పోయింది. ముక్కు కింది సంచి సాగి, తల్లి ఒళ్లంతా ఊగిపోతోంది.

"ఒరే, పిల్లని మింగేస్తోందిరా!" అంది అత్త.

"మింగడం కాదత్తా, చేప పెడుతోంది."

అత్త బైనాక్యులర్స్ దించి, పెరుగన్నం గిన్నె చూసి మెట్ల కింద దాక్కున్న మనవణ్ణి చూసింది. "పెట్టించుకునేవాళ్లుంటే ఎవురైనా పెడతారు" అంది.

చెరువులో పక్షుల రెట్ట కలిసి, ఆ నీళ్లు పారిన పొలానికి ఎరువవుతుందని ఊరివాళ్లు వాటి జోలికి పోరు. అంటే రెట్టే అద్దె. సీజన్‌కి వస్తాయి, పిల్లల్ని పెంచుకుంటాయి, అద్దె చెల్లించి ఖాళీ చేస్తాయి. నెల్లూరులో రెండు పోర్షన్లు అద్దెకిచ్చినవాడిగా చెబుతున్నా, ఇలాంటి కిరాయిదార్లు నాకింతవరకూ దొరకలేదు. బావ మాత్రం "ఇవి మన చెరువు కాడ కొంగలే గదా" అని తేల్చేసి కారెక్కాడు.

ఇక అసలు కేసు నల్లమలది. మార్కాపురంలో పడుకుని, ఆరయ్యేసరికి దోర్నాల గేటు దగ్గరున్నాం. 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చిన అడవి ఇది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు ఆపి రోడ్డు పులికి వదిలేస్తారు. దానికి తొమ్మిది గంటలు, మనకి పదిహేను. ఇంత ఉదారంగా పంచుకున్నప్పుడు, మన పదిహేను గంటల్లో ఒక్కసారి రోడ్డు పక్కన నిలబడి పోతే దాని సొమ్మేం పోతుంది?

పులికి బోరు కొట్టకూడదని బావ అద్దాలు దించి పాటలు పెట్టాడు. మేం వస్తున్నట్టు ముందే తెలియాలని ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాడు. ఇంతచేసినా రాలేదు. పోనీ కెమెరా అంటే సిగ్గా? అదీ కాదు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల ముందు నుంచి రాజసంగా నడిచిపోతుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు కాబట్టి, ఆ ఫొటోలు చూసి ఏ పులో గుర్తుపడతారు. చెట్టుకి హాజరు వేయించుకునే పులికి, పెట్రోలు పోయించుకుని వచ్చిన మా బావ ఎదుట వేయించుకోవడానికి ఏం అడ్డం? ఇది పక్షపాతం కాక మరేమిటి?

డ్యూటీ సరిగ్గా చేస్తున్నవి కోతులే. ఆహారం పెట్టరాదని బోర్డుంది. అవే వచ్చి తీసుకుంటే మనం పెట్టినట్టు కాదని బావ వాదన. ఒకటి కిటికీలోంచి పులిహోర క్యారేజీ లాక్కుని, గోడ మీద కూర్చుని, శనక్కాయ గింజలు ఏరుకుని తిని, కరివేపాకు తీసి పక్కన పెట్టింది. అచ్చం మా మేనల్లుడిలాగే. ప్లాస్టిక్ సంగతి నన్నడగొద్దు, మా కారులోంచి ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టలేదు.

శిఖరేశ్వరం దగ్గర నంది మీద నువ్వులు పోసి, శ్రీశైలం గుడి శిఖరం చూస్తే మళ్లీ జన్మ ఉండదంటారు. అత్త చూసొచ్చి, "హమ్మయ్య, మళ్లీ ఈ ఘాట్ ఎక్కే పన్లేదు" అని తలనొప్పి బిళ్ల వేసుకుంది.

దర్శనం ఆలస్యమైంది. వెనక్కి వచ్చేసరికి తొమ్మిదీ పది, గేటు వేసేశారు. పది నిమిషాలకేం కొంప మునుగుతుందని బావ వాదించి ఓడిపోయాడు. ఇంజన్ ఆపాం. పాటలు ఆగాయి. అడవిలోంచి ఢాంక్ అని ఒక అరుపు, కాసేపటికి మళ్లీ ఒకటి, ఈసారి దగ్గర్నుంచి.

"కణితి జింక సార్. దాన్ని చూసుంటది" అన్నాడు గేటు దగ్గరాయన.

"దేన్ని?" అన్నాడు బావ, అద్దం పైకెత్తుతూ.

ఆయన జవాబు చెప్పకుండా రోడ్డు మీదికి టార్చి వేశాడు. పొద్దుట్నుంచీ హారన్ మీదున్న బావ చెయ్యి ఒళ్లోకి వచ్చేసింది. వచ్చింది పులిగారే కావచ్చు. హాజరు వేసుకోవడానికి మాలో ఒక్కరూ దిగలేదు.