మూడు నెలల సర్టిఫికెట్‌తో థెరపిస్ట్ అయిపోతారా?

"మన దేశంలో థెరపిస్ట్ కావడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా పర్లేదు, ఆన్‌లైన్‌లో మూడు నెలల కోర్సు చేసి క్లినిక్ పెట్టుకోండి, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ సెషన్లు ఇవ్వొచ్చు." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. చూసి వదిలేద్దామనుకున్నాను గానీ, కింద "ఫీజు ఎంతండీ, లింక్ పెట్టండి" అని వరసగా అడుగుతున్నారు.

లైసెన్స్ అక్కర్లేదనే మాటలో సగం నిజముంది, చిక్కంతా అక్కడే. కౌన్సెలర్ అనో సైకోథెరపిస్ట్ అనో బోర్డు రాయించుకుంటే ఇన్నాళ్లూ అడిగే నాథుడు లేడు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాస్తే మాత్రం కుదరదు. 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి, లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలంటే హైదరాబాద్‌లో చాలాచోట్ల ఒక్క సెషన్ ఫీజుకే చాలదు, అది వేరే సంగతి. మిగతా సైకాలజిస్టుల్నీ కౌన్సెలర్లనీ కూడా దారిలో పెట్టడానికి 2021లో అలైడ్ హెల్త్‌కేర్ (వైద్య అనుబంధ వృత్తుల) చట్టం వచ్చింది, దాని అమలే నత్తనడక.

ఇక మూడు నెలల కోర్సు. క్లినికల్ సైకాలజీకి ఇన్నేళ్లూ నడిచిన దారి సైకాలజీలో పీజీ, ఆపైన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్. ఆ రెండేళ్లూ ఓపీలో కూర్చుని పేషెంట్ చరిత్ర రాయాలి, పరీక్షలు చేయాలి, రాసింది సీనియర్ ముందు పెట్టి చివాట్లు తినాలి. నీరసం, నిద్రమత్తు, దేనిమీదా ఆసక్తి లేదని వచ్చిన మనిషికి ఉన్నది డిప్రెషనా, థైరాయిడ్ సమస్యా, ఎవర్ని ఈరోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి అనేది వీడియోలు చూస్తే రాదు. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పొద్దని యూజీసీయే 2025లో యూనివర్సిటీలకు చెప్పేసింది.

"ప్రభుత్వ గుర్తింపు" అంటూ ఆ మెసేజ్‌తోపాటు పెట్టిన సర్టిఫికెట్ నమూనాని పెద్దది చేసి చూడండి. ఒక మూల ఐఎస్‌ఓ 9001 ముద్ర, ఇంకో మూల ఎంఎస్‌ఎంఈ రిజిస్ట్రేషన్. మొదటిది సంస్థ తన పనుల్ని ఒక పద్ధతిలో నడుపుతోందని ఇచ్చేది, రెండోది చిన్న వ్యాపారంగా నమోదైందని చెప్పేది. పచ్చళ్ల కంపెనీకైనా ఆ రెండూ వస్తాయి.

అమెరికా మాట మరీ విడ్డూరం. అక్కడ లైసెన్స్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే, మామూలుగా క్లయింట్ ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతుంటే అక్కడి లైసెన్స్ కావాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో కౌన్సెలర్ లైసెన్స్‌కి మాస్టర్స్, పరీక్ష, ఆపైన సూపర్‌వైజర్ పర్యవేక్షణలో 3,000 గంటల పని, అందులో సగం నేరుగా క్లయింట్లతోనే. ఇక్కడి నుంచి జూమ్‌లో డల్లాస్ వాళ్లకి థెరపీ చెప్తానంటే, ఏదైనా తేడా వచ్చిన రోజు ఆ క్లయింట్ ఎవరికి ఫిర్యాదు చేయాలి?

కోర్సులో చేరాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: "ఇది పూర్తయ్యాక నాకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వస్తుందా?" థెరపీకి వెళ్లేవాళ్లు, బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని ఉంటే సీఆర్‌ఆర్ నంబర్ (ఆర్‌సీఐ రిజిస్టర్‌లో వాళ్ల నంబర్) అడగండి, ఆర్‌సీఐ సైట్‌లో చూసుకోవచ్చు. ఆ నంబర్ నిజంగా ఉన్నవాళ్లు అడిగితే ఏమీ అనుకోరు.