మలుపులో రెండో మనిషి

కళాకారుల జీవితాల గురించి చెప్పుకునేటప్పుడు మనం ఎప్పుడూ ఒక ‘ఆ రోజు’ కోసం వెతుకుతాం. ఆ రోజు ఆ పాట పాడాడు, ఆ పాత్ర దొరికింది, దాంతో జాతకం మారిపోయింది అంటాం. ఆ రోజు అక్కడ ఇంకెవరున్నారని మాత్రం అడగం. అసలు అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారినే తీసుకోండి. ఇంజనీరింగ్ చదువుతూ పాటల పోటీలకు వెళ్లే కుర్రాడు. ఒక పోటీలో ఆ గొంతు విన్న సంగీత దర్శకుడు కోదండపాణి గారు, 1966లో ఆయన చేత తొలి సినిమా పాట పాడించారు. తర్వాత తమిళంలో ఎం.జి.ఆర్. సినిమాకు ఒక పాట ఖాయమైంది. ఇంతలో బాలు గారు జ్వరంతో మంచం పట్టారు. సినిమా వాళ్లకు ఆలస్యమంటే నష్టమే. ఇంకొకరి చేత పాడించేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఎం.జి.ఆర్. మాత్రం ఆ కొత్త కుర్రాడు కోలుకునేదాకా ఆగారు. 1969లో వచ్చిన ‘ఆయిరం నిలవే వా’ ఆ పాటే. తమిళనాట బాలు గారి పేరు మారుమోగింది దాంతోనే. ఆయన ఈ సంగతి జీవితాంతం చెప్పుకున్నారు. తన రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ విషయంలోనూ అంతే. ప్రకటనల కంపెనీ ఉద్యోగిగా 1950లో లండన్ వెళ్లి, ‘బైసికిల్ థీవ్స్’ అనే ఇటాలియన్ సినిమా చూసి, సినిమా తీయాలన్న నిశ్చయంతో వచ్చారు. చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు ఆ తర్వాతి ఐదేళ్లే ముఖ్యం. ఆయన తొలి సినిమా ‘పథేర్ పాంచాలి’ షూటింగ్ 1952లో మొదలై, డబ్బుల్లేక నెలల తరబడి ఆగిపోయింది. భార్య బిజోయ తన నగలు తాకట్టు పెట్టడానికి ఇచ్చారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే 1955లో విడుదలైంది. ఇన్నాళ్లు సాగినా కథలోని అపు అనే కుర్రాడి వేషం వేసిన పిల్లాడి గొంతు మారలేదు, వాడి అక్క దుర్గగా నటించిన అమ్మాయి ఎదిగిపోలేదు, ముసలమ్మ పాత్రధారి చునీబాలా దేవి బతికే ఉన్నారు. ఈ మూడూ అద్భుతాలేనని రాయ్ తర్వాత అన్నారు. లండన్‌లో చూసిన సినిమా ఆయనకు దారి చూపించింది, నిజమే. కానీ ఆ నగలు లేకపోతే ఆ దారిలో ఎంత దూరం వెళ్లేవారు?

ఫ్రెంచి చిత్రకారుడు మాతిస్ మొదట లాయరు ఆఫీసులో గుమాస్తా. అపెండిసైటిస్‌తో మంచాన ఉన్నప్పుడు కాలక్షేపానికని తల్లి ఆయనకు రంగుల పెట్టె ఇచ్చింది. ఆయన బొమ్మలు వేయడం మొదలుపెట్టింది దాంతోనే.

ప్రతిభ ఉంటే ఎలాగైనా బయటపడుతుంది అంటారు. నేను నమ్మను. బయటపడ్డవాళ్ల పేర్లే మనకు తెలుసు కాబట్టి అలా అనిపిస్తుంది. జె.వి. సోమయాజులు గారు ఒకపక్క ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఏళ్ల తరబడి నాటకాలాడారు. ‘శంకరాభరణం’ 1980లో వచ్చాక ఆ ప్రతిభ కొత్తగా పుట్టలేదు, అంతకుముందూ ఉంది. శంకరశాస్త్రి పాత్రకు కె. విశ్వనాథ్ గారు ఇంకో నటుణ్ణి తీసుకుని ఉంటే, నాటకాలు చూసేవాళ్లకు తప్ప ఆయన ఎవరికి తెలిసేవారు?

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. తెలుగు సంఘాల్లో మనం కళను ప్రేమిస్తాం, అనుమానం లేదు. కానీ మన ప్రేమ ఎక్కువగా పేరొచ్చాకే మొదలవుతుంది. శాలువా కప్పే సమయానికి ఆ కళాకారుడికి మన అవసరం దాదాపు తీరిపోయి ఉంటుంది. కొత్తవాళ్లకు ఒక్క అవకాశం ఇస్తాం, అదీ ఐదు నిమిషాలు. మొదటిసారి తడబడితే మళ్లీ పిలవం. ఎం.జి.ఆర్. ఆగింది అలాంటి చోటే కదా! అందుకే కార్యక్రమాల కమిటీలో ఉన్నవారిని, ఈ పత్రిక సంపాదకులను ఒకటి అడుగుతున్నాను. కిందటిసారి టెన్షన్‌తో పాట మధ్యలో ఆపేసిన అమ్మాయినీ, మనం వెనక్కి పంపిన కథ రాసిన అబ్బాయినీ ఈసారి మనమే ఫోన్ చేసి పిలుద్దాం.